కార్డు మీద రెండు

హలో… ఆ, నేనేలెండి. ఇంకెవరున్నారు ఇంట్లో, ఎత్తడానికి?

… నిద్రలో లేను. గొంతే అలా ఉంది.

… ఆ, తిన్నాను.

… లేదు, తినలేదు. మీరు అడిగారు కదా అని తిన్నానన్నాను. అలవాటు.

… ఏం కాలేదు. ఊరికే అన్నాను.

… ఆ మోతేంటి, లారీ ఎక్కిందా కాటా మీదికి? … సరే, తూయండి. ఫోను అక్కడే పెట్టి తూసి రండి. నేనెక్కడికి పోతాను.

…

… ఆ, ఉన్నాను. ఎంత తూగింది? … పద్దెనిమిది టన్నుల నాలుగొందల ఇరవై కిలోలు. ఆ ఇరవై కూడా రాశారా స్లిప్పు మీద? … మంచిది.

… వెటకారం ఏముంది ఇందులో? మొగుడి పని గురించి పెళ్ళాం అడగకూడదా? పాతికేళ్ళుగా కాటా మీద కూర్చున్న మనిషి, కిలో తేడా రానివ్వడని పేరు. గొప్పే కదా నాకు.

… చెబుతాను. తొందరపెట్టకండి. ఒక్కో మాటకీ ఊపిరి కూడదీసుకోవాలి నేను.

… పొద్దున సిస్టరమ్మ ఫోన్ చేసింది. … ఆసుపత్రి సిస్టరమ్మే. రేపటి కీమో గురించి. అయిదోది కదా, ఎనిమిదింటికల్లా రమ్మంది. కార్డు మీద మన నంబరు ఉంటుంది, చదివి చెప్పమ్మా అంది.

… ఆ. కార్డే.

… బీరువాలో. పై అరలో. మీ చొక్కాల కింద, ఫైల్లో. … నాకు తెలుసు ఎక్కడుంటుందో. మీరు దాచారని మాత్రం తెలియదు.

… ఏమండీ? … ఉన్నారా?

… తెరిచాను మరి. తెరవకపోతే నంబరెలా చదవను, నుదుటి మీద రాసుందా నాకు?

… నంబరు చదివాను. రాసుకుంది. 'ఎలాగూ చేతిలో ఉంది కదమ్మా, ఈ వారం ఏ రోజు అలసట పదికి ఎంతో, ఆ అంకెలు కూడా చదివెయ్, నేను కంప్యూటర్లో ఎక్కించేసుకుంటాను' అంది. చదివాను. నా నోటితో నేనే చదివాను. సోమవారం రెండు… మంగళవారం మూడు… బుధవారం రెండు…

… మీరు మాట్లాడకండి. నన్ను చెప్పనివ్వండి. మధ్యలో ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేను.

సోమవారం నేను ఎనిమిది అన్నాను. నాకెందుకు గుర్తుందంటే, ఆ రోజు తడి తువ్వాలు పిండలేకపోయాను. పిండకుండానే తీగ మీద వేశాను, నీళ్ళు ధారగా కారాయి. మీరు చూశారు. 'వానొచ్చిందా ఏంటి' అన్నారు. మంగళవారం తొమ్మిది అన్నాను. బుధవారం కూడా తొమ్మిదే. తొమ్మిదంటే ఏంటో కూడా చెప్పాను మీకు. అన్నం నోట్లో పెట్టుకున్నాక, నమలడానికి ఓపిక లేక అలాగే పెట్టుకుని కూర్చున్నానని చెప్పాను. మీరు కార్డు ముందేసుకుని, 'ఊఁ… తొమ్మిది' అని పైకి అంటూ రాశారు.

తొమ్మిది అంటూ, రెండు రాశారు.

… మరచిపోవడం కాదండీ ఇది. ఒక రోజైతే మరచిపోవడం. నాలుగు నెలల కార్డు ఇక్కడ నా ఒళ్ళో ఉంది. ఎనిమిదులూ తొమ్మిదులూ నావి. రెళ్ళూ మూళ్ళూ మీవి.

… ఆ, ఒక్కచోట నాలుగుంది. ఆ రోజు బాత్రూములో పడ్డాను. పడితే నాలుగన్నమాట మీ లెక్కలో. చస్తే ఎంత వేసేవాళ్ళు, ఆరా?

… అనకూడని మాటే. అన్నాను.

… అందరి మొగుళ్ళూ గోరంతలు కొండంతలు చేస్తారట. మీరు కొండని పట్టుకుని గోరంత చేశారు. అదీ నా చేత్తో రాయించకుండా. 'నీకు పెన్ను పట్టుకునే ఓపిక ఎక్కడిది, నేను రాస్తాలే' అని. ఎంత మంచివాడో మా ఆయన అనుకున్నాను. పక్కింటి టీచరమ్మతో చెప్పుకున్నాను కూడా.

… ఆగండి. నీళ్ళు… లేవులెండి ఇక్కడ. పర్వాలేదు.

… మూడో కీమోకి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ ఏమందో గుర్తుందా? మీరు పక్కనే ఉన్నారు. రక్తం రిపోర్టు చూసి కనుబొమలు ముడిచింది. 'కొంచెం తక్కువుంది' అంది. తర్వాత కార్డు చూసింది. చూడగానే మొహం విప్పారింది. 'మనిషి బాగానే ఉంది కదా, కానిచ్చేద్దాం' అంది. నా భుజం తట్టి, 'ఈ వార్డులో నీ అంత గట్టిదాన్ని చూడలేదమ్మా' అంది. మీరు నవ్వారు. నేనూ నవ్వాను.

అప్పుడు నేనేమనుకున్నానో తెలుసా మీకు?

… చెబుతా వినండి. నా కార్డు నిండా తొమ్మిదులున్నాయి కదా, అది చూసి కూడా బాగున్నానంటోందంటే, మిగతావాళ్ళకి పదికి పన్నెండో పదమూడో ఉంటుంది కాబోలు అనుకున్నాను. పక్క మంచం ఆవిడ గోడ పట్టుకుని నడుస్తుంటే, పాపం ఆవిడది నిజం అలసట, నాది ఒళ్ళు బద్ధకం అనుకున్నాను. ఇంటికొచ్చి సిగ్గుపడ్డానండీ. జబ్బొచ్చినందుకు పడలేదు సిగ్గు, రొమ్ము తీసేసినందుకు పడలేదు. పడుకున్నందుకు సిగ్గుపడ్డాను.

… అవును. మర్నాటి నుంచే లేచాను. మీరు మెచ్చుకున్నారు కూడా. 'చూశావా, మనసులో అనుకుంటే లేవగలవు' అన్నారు.

… అన్నారు. కాదనకండి.

… కూర వండితే గరిటె బరువు. బియ్యం కడిగితే గిన్నె బరువు. గ్యాస్ పొయ్యి దగ్గర స్టూలు వేసుకుని కూర్చుని, కూర మాడుతున్న వాసన వస్తుంటే, చెయ్యి చాపి మంట తగ్గించడానికి మనసులో పదిసార్లు చాపి చూసుకునేదాన్ని. పదకొండోసారి చాపితే అప్పటికి అడుగంటేది. మీరు తిని 'ఉప్పు తక్కువైంది' అనేవాళ్ళు.

… ఉప్పు డబ్బా మూత బిగుసుకుపోయింది. అందుకు తక్కువైంది. ఇప్పుడు చెబుతున్నాను.

… జుట్టు ఊడిపోవడం ఒక్కటే మేలు చేసింది నాకు. దువ్వుకునే పని తప్పింది.

… నవ్వకండి, నవ్వడానికి చెప్పలేదు.

… మీ అక్కయ్యగారు పన్నెండు కర్టెన్లు తెచ్చి పడేసింది కదా, అంచులు కుట్టమని. 'ఊరికే పడుకుంటే ఒళ్ళు తుప్పు పడుతుంది మరదలా, నువ్వు హుషారుగా ఉన్నావని డాక్టరమ్మే చెప్పిందట కదా' అంది. ఆవిడకి ఎవరు చెప్పారు? కాకి చెప్పిందా?

… మీరే. మీరు కాక ఇంకెవరు.

… కుట్టాను. నాలుగోదానికి సూది వేల్లోకి దిగిపోయింది. మిషను ఆపి చూస్తూ కూర్చున్నాను, ఎవరి వేలో అన్నట్టు. ముప్పై ఏళ్ళు బళ్ళకి యూనిఫారాలు కుట్టిన చెయ్యండీ ఇది. ఆ రక్తం కర్టెను మీద పడితే మీ అక్కయ్య ఏమందో తెలుసా? 'చల్లనీళ్ళతో ఉతికితే పోతుందిలే' అంది. కర్టెను గురించి.

… ఆవిడని ఎందుకంటాను? ఆవిడకి తెలిసింది రెండు. రెండుకి తగ్గట్టే మాట్లాడింది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా భయం లేదంటారు. రాసేవాడు మనవాడైతే ఏమవుతుందో మాత్రం ఎవరూ చెప్పలేదు నాకు.

… ఎందుకు? ఒక్కటి చెప్పండి. ఎందుకు రాశారు?

… వినపడలేదు. గట్టిగా చెప్పండి, ఆ లారీవాణ్ణి హారను ఆపమనండి.

… ఎవరు? … మఫ్లరాయనా? ఆసుపత్రి వరండాలో బల్ల మీద, ఎండలో కూడా మఫ్లరు చుట్టుకుని కూర్చునేవాడు, ఆయనేనా? … ఏం చెప్పాడు?

…

… వరసగా మూడు రోజులు అలసట ఏడు దాటితే కీమో వాయిదా వేస్తారని.

… ఆయన భార్యకి రెండుసార్లు వాయిదా వేశారు.

… ఊఁ.

… తర్వాత ఆవిడ పోయింది. … మొదటి కీమో రోజే చెప్పాడా మీకు ఇదంతా? మరి నాకు చెప్పలేదే?

… నేను భయపడతానని. బాగుంది.

… ఆవిడ వాయిదా వేసినందుకు పోయిందా, జబ్బు ముదిరి పోయిందా, అడిగారా ఆయన్ని? … అడగలేదు. డాక్టరమ్మని అడిగారా? … అడగలేదు. సిస్టరమ్మని? … లోడెంతుందో చూడకుండా స్లిప్పు రాస్తారా మీరు కాటాలో?

… ఆ. అదే అంటున్నాను. రాస్తారు. ఓవర్‌లోడుంటే గేటు దగ్గర ఆపేస్తారని, తెలిసిన డ్రైవరైతే ఓ పది క్వింటాళ్ళు తగ్గించి రాసి పంపేస్తారు. 'పాపం, పిల్లలుగలవాడు' అంటారు. ఆ మీసాల డ్రైవరు ఇటుకల లారీ అలాగే కదా పంపారు. మూల మలుపులో ఇరుసు విరిగి ఇటుకలన్నీ రోడ్డు మీద. మీరే చెప్పి నవ్వారు ఇంటికొచ్చి. స్లిప్పు మీద తక్కువ రాస్తే ఇరుసుకి బరువు తగ్గిందా?

… నన్నూ అలాగే పంపారు. గేటు దాటితే చాలని. కిలో తేడా రానివ్వడన్న పేరూ అలాంటిదే అన్నమాట. నేనింకా గొప్పగా చెప్పుకున్నాను.

… ప్రేమే. కాదని ఎవరన్నారు? ప్రేమ లేకపోతే ఇంత పని చేస్తారా ఎవరైనా. పరాయివాడైతే ఉన్నదున్నట్టు రాసి ఊరుకునేవాడు.

… ఆగండి. … ఆగండి కొంచెం. … ఫోను చేతిలోంచి జారింది.

…

… ఆ. ఇప్పుడు వినపడుతోందా? నేల మీద పెట్టి దాని పక్కన తల పెట్టాను.

… నేల మీదేనండీ. ఇక్కడే ఉన్నాను, బీరువా ముందు.

… ఎప్పటి నుంచంటే, సిస్టరమ్మ ఫోన్ చేసినప్పటి నుంచి. తొమ్మిదయింది అప్పుడు. ఇప్పుడెంత? … రెండున్నరా! నేను ఒంటిగంట అనుకుంటున్నాను.

… మంచం నుంచి బీరువా దాకా ఎనిమిది అడుగులు. రెండుసార్లు ఆగాను, గోడకి ఆనుకుని. పై అర అందుకోవడానికి చెయ్యెత్తి దించాక, ఇంక కాళ్ళు నా మాట వినలేదు. కూర్చున్నాను. కూర్చున్నాక మంచం చాలా దూరంగా కనిపించింది. సరే, ఇక్కడే ఉందామనుకున్నాను.

… టీచరమ్మని ఎలా పిలుస్తాను? కేక వేయడానికి ఓపికుంటే మంచం ఎక్కనూ?

… మీకు ఫోన్ ఎందుకు చేయలేదంటే… చేసి ఏం చెప్పాలి? పదంటే మూడు వేసుకునే మనిషికి.

… నిద్ర పోతే తగ్గేది కాదిది. అన్నం తింటే తగ్గేది కాదు. పనిచేసి అలసిపోవడం నాకు తెలియదా? బళ్ళు తెరిచే రోజుల్లో రోజుకి ముప్పై చొక్కాలు కుట్టి, నడుం విరిగేట్టు పడుకుని, పొద్దున్నే గంజి పెట్టిన బట్టలా లేచేదాన్ని. అది అలసట. దానికో రుచుంది. ఇది అది కాదు. ఒంట్లోంచి ఎవరో దారం మొత్తం లాగేసినట్టుంటుంది. బట్ట బట్టలాగే ఉంటుంది, చూడ్డానికి. పట్టుకుంటే విడిపోతుంది.

… ఆ. సిస్టరమ్మకి చెప్పేశాను.

… అప్పుడే. ఆమె 'బాగుందమ్మా, ఈ వారం కూడా రెళ్ళేనా' అంటుంటే, 'ఇవి నావి కావు సిస్టరమ్మా' అన్నాను. 'నీవి కాకపోతే ఎవరివి' అంది. నాకు నవ్వొచ్చింది. 'మా ఆయనవి' అన్నాను. 'ఆయనకి అలసట రెండు. నాకు తొమ్మిది' అన్నాను.

… ఏం చేసుకుంటారో చేసుకోండి. చెప్పాను.

… అరవకండి. కాటా దగ్గర జనం ఉంటారు.

… కోప్పడలేదామె. తర్వాత, 'ఎప్పటి నుంచి' అంది. 'మొదటి నుంచి' అన్నాను. 'అయ్యో తల్లీ' అంది. అంతే. ఆ ఒక్క మాటకి ఏడుపొచ్చింది నాకు. నాలుగు నెలల్లో నా అలసటని నమ్మిన మొదటి మనిషి, మొహమైనా సరిగ్గా గుర్తులేని మనిషి.

… రేపు ముందు రక్తం చూస్తారట. చాలా తగ్గిపోయి ఉండొచ్చంది. రక్తం ఎక్కించాల్సి వస్తే ఎక్కిస్తారు. అలసట ఎందుకొస్తోందో కూడా పరీక్షలున్నాయట. కొన్నిటికి మందులున్నాయట. ముందే చెప్పి ఉంటే ఎప్పుడో చూసేవాళ్ళం కదమ్మా అంది. మందులున్నాయటండీ! నేను దీన్ని మోయడమే నా వంతనుకున్నాను.

… కీమో సంగతా? వేయచ్చు, వారం ఆగచ్చు. డాక్టరమ్మ చూసి చెబుతుంది. వారం ఆగితే ప్రాణం పోదమ్మా, తెలియకుండా ఎక్కిస్తేనే మాకు భయం అంది. మఫ్లరాయన కన్నా ఆమెకి ఎక్కువ తెలుసనుకుంటాను.

… చేయను.

… చేయను. మళ్ళీ ఫోన్ చేసి 'పొరపాటున అన్నాను, రెండే' అని చెప్పను.

… ఈ ఒక్కసారికి కూడా చెప్పను. మిగిలిన కీమోలు మూడుంటే మూడు, నాలుగుంటే నాలుగు, అన్నిటికీ నా అంకెతోనే వెళతాను. నన్ను మంచం మీద పెట్టి మోసుకెళ్ళాల్సొస్తే మోసుకెళ్ళండి. చక్రాల కుర్చీ ఆసుపత్రి గుమ్మం దగ్గర ఉంచుతామంది సిస్టరమ్మ.

… మీరు రాకపోతే టీచరమ్మని అడుగుతాను. సెలవు పెడుతుంది.

… ఏమండీ.

… ఏమండీ, ఏడుస్తున్నారా?

… ఏడవకండి. డ్రైవర్లు చూస్తారు.

… నాకు తెలుసు భయమని. మీకు నేను తప్ప ఎవరూ లేరని కూడా తెలుసు. వేరే రోజైతే నేనే చెప్పేదాన్ని, 'ఏం కాదులెండి, నేనెక్కడికి పోతాను' అని. మీ తల నిమిరేదాన్ని కూడా. ఇవాళ నా దగ్గర అంత లేదండీ. మీరు ఏడిస్తే నేను ఓదార్చాలి. ఓదార్చాలంటే గొంతు కావాలి, గొంతుకి ఊపిరి కావాలి. మీ భయం మీరు మోసుకోండి ఇవాళ్టికి. నా వల్ల కాదు.

… క్షమించడమా? దానికీ ఓపిక కావాలి కదండీ. తర్వాత చూద్దాం.

… వద్దు. మాట ఇవ్వకండి. ఏమీ ఇవ్వకండి.

… ఇప్పుడెందుకు రావడం? ఆరింటికి కదా మీ డ్యూటీ అయ్యేది. … రండి, మీ ఇష్టం. వచ్చి ఏం చేస్తారు, మంచం మీదికి చేరుస్తారు. చేర్చండి. నీళ్ళు పట్టిస్తారు. పట్టించండి. కానీ మాట్లాడకండి. సరేనా? వచ్చాక నాతో ఏం మాట్లాడకండి.

… ఏంటి?

… లేవక్కర్లేదు. తలుపు తీయక్కర్లేదు నేను.

… తాళం చెవి కూడా అక్కర్లేదు. తెరిచే ఉంది. పొద్దున మీరు వెళ్ళిన దగ్గర్నుంచీ అలాగే ఉంది, బార్లా. 'గడియ పెట్టుకో' అని మీరు చెప్పి వెళ్ళారు. నేను మంచం మీంచి 'సరే' అన్నాను.

… ఆ. లేవలేకే.

… దారినపోయే కుక్క ఒకటి వచ్చి గుమ్మంలో నిలబడింది ఇందాక. నన్ను చూసి, అదే వెళ్ళిపోయింది.

… ఇంక చాలు. పెట్టేయండి.

… మీరే పెట్టేయాలి. అది నొక్కాలంటే నేను చెయ్యి ఎత్తాలి.

… పెట్టేయండి…

… ఇంకా అక్కడే ఉన్నారు. వినపడుతోంది నాకు, మీ ఊపిరి. పెట్టేయండి—